కోవిడ్ వ్యాక్సిన్ పేటెంట్లు పక్కన పెట్టి ఉంటే నిజంగా తేడా వచ్చేదా?

ఫార్మాలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. 2020 అక్టోబర్‌లో ఇండియా, సౌతాఫ్రికా కలిసి డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ)లో పేటెంట్లు కొన్నాళ్లు ఆపమని అడిగితే నిర్ణయం వచ్చేసరికి 2022 జూన్ అయింది, అదీ వ్యాక్సిన్లకే, టెస్టులకీ మందులకీ లేదు. ఈలోపు ఫైజర్ ఒక్క 2021లోనే ఆ వ్యాక్సిన్ మీద 36 బిలియన్ డాలర్లకి పైగా అమ్ముకుంది, మోడెర్నా రీసెర్చ్‌కైతే అమెరికా ప్రభుత్వమే డబ్బులు పోసింది, అంటే ఖర్చు జనానిది లాభం షేర్‌హోల్డర్లదీ అన్నమాట, ఇదెక్కడి న్యాయమో!

మా ఫ్రెండేమో పేటెంట్ తీసేసినా కంపెనీవాళ్లు పని నేర్పకపోతే ఎంఆర్ఎన్ఏ వ్యాక్సిన్ (ఫైజర్, మోడెర్నా వాళ్లది ఈ రకమే) ఎవడూ తయారు చేయలేడంటాడు. మరి కేప్‌టౌన్‌లో ఆఫ్రిజెన్ అనే కంపెనీవాళ్లు మోడెర్నా సాయం లేకుండానే అలాంటి వ్యాక్సిన్ ల్యాబ్‌లో చేశారు కదా? ల్యాబ్ నుంచి కోట్ల డోసులకి వెళ్లడానికి అసలు అడ్డు ఏంటి, పేటెంటా, మెషిన్లా, ముడిసరుకా?