పదో తరగతి ఫొటోలో పిల్ల మొహం తెల్లగా చేసేశారు: ఉంచాలా, మార్పించాలా?

నాగావళి గట్టు:
మాది ఆమదాలవలస. మా పెద్దది పదో తరగతి. పదో తరగతి పరీక్షకి బడి పంపే పిల్లల వివరాల జాబితా, అదే నామినల్ రోల్స్‌కి ఫొటో తెమ్మని బడిలో అడిగితే స్టూడియోకి పంపాం. ఆ అబ్బాయి మొటిమలన్నీ చెరిపేసి, రంగు బాగా పెంచేసి, ముక్కు పక్కనున్న పుట్టుమచ్చ కూడా తీసేసి ఇచ్చాడు. మా పిల్లే, కానీ మా పిల్లలా లేదు. దానికేమో తెగ నచ్చేసింది. ఫొటో అంటేనే చున్నీ మొహం మీదకి లాక్కునే పిల్ల, ఆ పాస్‌పోర్ట్ ఫొటోల్లో ఒకటి ఫోను కవరు వెనకాల పెట్టుకు తిరుగుతోంది. వాళ్ల నాన్న చూసి, ఇదెవరి పిల్ల, మళ్లీ తీయించండి, నిన్ను నువ్వు ఇష్టపడటం నేర్చుకో అని పెద్ద క్లాసు పీకారు. అది ఏడ్చి అన్నం మానేసింది. మా అత్తగారు "ఒగ్గీండ్రా, కాయితం మీదయినా తెల్లగుండనీండి" అంటారు. ఆయన అన్నదే సరైనదని నాకూ అనిపిస్తోంది, ఆ ఏడుపు చూస్తే మాత్రం ఏం పాలుపోవట్లేదు. మీరైతే ఏం చేస్తారు? "నువ్వు బాగున్నావని చెప్పండి" అనే సలహా మాత్రం వద్దు, చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

బొబ్బిలి కోట:
మళ్లీ తీయించండి వదినా, ఇందులో ఆలోచించడానికేముంది? నామినల్ రోల్‌లో ఎక్కిన ఫొటోయే హాల్‌టికెట్టు మీదకొస్తుంది. హాల్లో ఇన్విజిలేటరు మొహాన్నీ ఫొటోనీ పోల్చి చూసుకుంటాడు, పరీక్ష రోజు పొద్దున్నే ఆ టెన్షన్ అవసరమా. అది పక్కన పెట్టినా అన్నయ్యగారిదే రైటు. ఇప్పుడు ఫొటోలో మార్చుకోనిస్తే రేపు మొహానికే ఏదో చేయించుకుంటానంటుంది. మన ఊళ్ల వాళ్ల గురించి చెప్పండి పిల్లకి. మీ పక్కనే ఊసవానిపేట, కరణం మల్లీశ్వరి ఊరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, మన దేశం నుంచి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ. ఆవిడ రంగేంటని ఎవరైనా అడిగారా?

టెక్కలి కుర్రోడు:
అన్నా, ఒలింపిక్ మెడల్ తెస్తే ఎవరూ అడగరు, నిజమే. మెడల్ తేనివాళ్ల సంగతేంటి? ముందు ఏదైనా సాధించు, తర్వాత నువ్వెలా ఉన్నా ఫర్వాలేదంటాం అన్నట్టుంది ఇది. నేను ఇంటర్ సెకండియర్. నన్ను పుల్ల అంటారు, క్లాసులో వాళ్లే కాదు, ట్యూషన్ సారు కూడా హాజరు పిలిచేటప్పుడు అదే పేరు. ఇంట్లో చెబితే మా నాన్న వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారి కథ ఎత్తుకుంటారు, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడు, కండలు ఊరికే రావురా అని. కండలు ఎలా వస్తాయని నేను అడగలేదు, ఆ పేరుతో పిలవొద్దని సారుకి ఒక్క ముక్క చెప్పమన్నాను, అంతే. ఆ ఫొటో ఉంచేయండి ఆంటీ. అందరూ ఫిల్టర్ పెట్టుకునే పోస్ట్ చేస్తారు, ఆమె ఒక్కర్తే నిజాయితీగా ఉండాలా?

సాయి డిజిటల్స్ కాదు వేరే:
నరసన్నపేట వైపు స్టూడియో నాది. తిట్లు మా మీదకే వస్తాయి కాబట్టి చెప్పేస్తున్నా. తెల్లగా చేయకపోతే "నల్లగా వచ్చింది, మళ్లీ తియ్యి" అని డబ్బులివ్వరు. అడిగేది కూడా చాలాసార్లు పిల్లలు కాదు, వెనకాల నిలబడ్డ అమ్మలు. "కొంచెం తెల్లగా కొట్టు బాబూ" అని చెవిలో చెప్పినట్టు చెబుతారు, అది పిల్లకి వినబడుతూనే ఉంటుంది. చెప్పకపోయినా చేసేస్తాం, అలవాటైపోయింది, ఒక క్లిక్కుతో మచ్చలు పోతాయి, ఇంకో క్లిక్కుతో రంగు. పెళ్లి ఆల్బమ్‌లు చూడండి, పెళ్లికూతురి మొహం ఒక రంగు, గోరింటాకు పెట్టిన చేతులు ఇంకో రంగు.

అక్కా, అసలు ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది, అడిగితే ప్రింటు తీసిస్తారు, మళ్లీ తీయించక్కర్లేదు. ఇంకోటి, ముక్కు లావుగా ఉందని ఫోను పట్టుకుని ఏడ్చే పిల్లలు మాకు బాగా తగులుతారు. సెల్ఫీలో ఫోను మొహానికి అడుగు దూరంలో ఉంటుంది, లెన్సుకి ముక్కు దగ్గర, చెవులు దూరం. ఐదడుగుల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే అడుగు దూరం ఫొటోలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో అమెరికాలో డాక్టర్లు లెక్కగట్టారు. మేం వెనక్కి జరిగి జూమ్ చేసేది అందుకే. అదే ఫోనుతో దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూపించండి. మీరు బాగున్నావని ఎంత చెప్పినా నమ్మదు గానీ, ఇది కళ్లతో చూస్తుంది కదా.

గంటస్తంభం:
విజయనగరం జిల్లాలో హైస్కూల్ టీచర్ని, సైన్సు చెబుతాను. "నిన్ను నువ్వు ఒప్పుకో" అని పదిహేనేళ్ల పిల్లకి చెబితే దానికి వినబడేది వేరు. ఈ విషయం మళ్లీ నా దగ్గర ఎత్తకు అని వినబడుతుంది. నాన్నగారి ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ పిల్ల ఒక బాధ చెప్పింది, ఆయన దానికి ఒక నీతి చెప్పారు, అక్కడితో మాట తెగిపోయింది.

ఇక్కడ అందరూ రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే గాటన కడుతున్నారు. మొటిమలు వేరు, రంగు వేరు. ఈ వయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరిగి చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి, రంధ్రాలు మూసుకుపోతాయి, లోపల బాక్టీరియా చేరి వాచిపోతుంది. మొహం సరిగ్గా కడుక్కోక వచ్చినవి కావు, వేడి చేసి వచ్చినవీ కావు. 12 నుంచి 24 ఏళ్ల లోపు వాళ్లలో నూటికి 85 మందికి ఎంతో కొంత వస్తాయని వైద్యులు చెబుతారు. మన రంగు వాళ్లకి మొటిమ తగ్గినా నల్ల మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది, గిల్లితే గుంట పడుతుంది. దీనికి మందుంది, ఫలితం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, అంతే. మందున్న దాన్ని కూడా ఒప్పుకోమనడం, బోర్డు మసగ్గా కనబడుతోందన్న పిల్లకి కళ్లజోడు కొనకుండా మసకనే ప్రేమించమన్నట్టుంటుంది.

రంగు అలా కాదు. అది జబ్బు కాదు, దానికి మందూ లేదు. మొటిమకి వైద్యం చేయించండి, రంగు విషయంలో ఇంట్లో నోళ్లు మూయించండి. పిల్లని మార్చడం కన్నా ఆ రెండోది కష్టం, అందుకే ఎవరూ దాని జోలికి వెళ్లరు.

పాలకొండ రోడ్డు:
మాటలు బాగానే ఉన్నాయి మాస్టారూ. నాకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం. బీటెక్ చదివింది, ఉద్యోగం చేస్తోంది. మధ్యవర్తి మొదటి ఫోన్లోనే "అమ్మాయి రంగెలాగండీ" అంటాడు. చామనఛాయ అంటే "అంటే నలుపే కదండీ" అంటాడు, అక్కడి నుంచి కట్నం లెక్క మారిపోతుంది. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరులోంచి ఫెయిర్ తీసేసి 2020లో గ్లో అని పెట్టారు, మా మధ్యవర్తి ఫారంలో మాత్రం రంగు గడి అలాగే ఉంది. లోకం అలా ఉన్నప్పుడు నేను మా అమ్మాయికి నలుగు పెట్టి, ఎండలో తిరగొద్దే అంటే తప్పెలా అవుతుంది? ఒప్పుకోవాల్సింది పిల్ల కాదండీ, అవతలివాడు.

గంటస్తంభం:
నలుగు పెట్టడం తప్పని నేనెందుకంటాను. అవతలివాడు ఒప్పుకోవాలన్నదీ నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే ఆ మధ్యవర్తి మాట మీ అమ్మాయి పాతికేళ్లకి వినాల్సింది, ఇంట్లో ఐదేళ్లకే వింటోంది. వాడు వచ్చేసరికి వాడి పని మనమే సగం చేసిపెట్టి ఉంచుతున్నాం.

నాగావళి గట్టు:
మాస్టారూ, నోళ్లు మూయించడం అన్నారు, నవ్వొచ్చింది. మా పుట్టిల్లు విజయనగరం. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఏటా పిల్లల్ని తీసుకుని వెళ్తాను. మొన్న మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆ జనంలో మా పిన్ని ఎదురైంది. ఏడాది తర్వాత చూస్తోందా, పిల్ల ఏం చదువుతోందని లేదు, ఎలా ఉన్నావని లేదు, "ఓలమ్మ, ఈ గుంటేటి ఇలగ నల్లబడిపోనాది, మొహం నిండా ఆ పొక్కులేటి" అని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో దూడని చూసినట్టు. మా పిల్ల నవ్వింది. రాత్రి బస్సులో మొహానికి చున్నీ చుట్టుకునే కూర్చుంది, రాత్రి ఎండేముంటుంది చెప్పండి. పిన్ని మీద అరవగలనా? ఆవిడకి అది ప్రేమ. నన్నూ అలాగే పెంచింది.

బొబ్బిలి కోట:
అరవక్కర్లేదు వదినా, "పిన్నీ, దీనికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి" అని మాట మార్చేస్తే పోయేది.

టెక్కలి కుర్రోడు:
మళ్లీ మార్కులా అన్నా :) "పిన్నీ, ఆ మాట అనకు" అంటే సరిపోదా? పిల్ల వినేలాగ ఒక్కసారి అంటే చాలు. మేం అంతకన్నా ఏం అడగట్లేదు.

మందుల చీటీ:
రాజాంలో ఫార్మసీ మాది. చర్చ ఎటో పోతోంది, నాకు వేరే అనుమానం వస్తోంది. అక్కా, పిల్ల మొహానికి ఏం రాస్తోందో చూశారా? ఎండలోకి వెళితే మంట అంటోందా, బుగ్గలు ఎర్రబడుతున్నాయా? ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మోమెటాసోన్ అనే మాటల్లో ఏదైనా ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు, ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి వాటికి డాక్టరు కొద్దిరోజులకి రాసేవి. మొహానికి రాస్తే మొదట్లో నున్నగా తెల్లగా అవుతుంది, అందుకే ఈ పిల్ల చెప్పి ఆ పిల్ల కొంటుంది. నెలలు గడిస్తే చర్మం పల్చబడి లోపలి సన్నటి రక్తనాళాలు కనబడతాయి, మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి, మొహం మీద వెంట్రుకలు వస్తాయి. ఆపితే మంట, ఎరుపు. తట్టుకోలేక మళ్లీ రాస్తారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, చీటీ లేనిదే అమ్మకూడదు. అమ్మట్లేదా అంటే అమ్ముతున్నారు, మా వృత్తి వాళ్లే. ఊరూ పేరూ లేని డబ్బాల్లో వచ్చే తెల్లబడే క్రీములు ఇంకా ప్రమాదం, వాటిలో చాలావాటిలో పాదరసం ఉంటుంది. కేరళ మలప్పురం జిల్లాలో అలాంటివి రాసుకున్నవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చిందని 2023లో అక్కడి డాక్టర్లు బయటపెట్టారు.

నాగావళి గట్టు:
ఇప్పుడే చూశాను. కంపాస్ బాక్సులో ఉంది, సగం పిండేసిన ట్యూబు. మీరు చెప్పిన మొదటి పేరే. స్నేహితురాలు ఇచ్చిందట, వాళ్ల సెక్షన్‌లో ఇంకా నలుగురైదుగురు రాస్తున్నారట. చేతులు వణుకుతున్నాయి నాకు. చెత్తలో పారేయనా?

మందుల చీటీ:
పారేయకండి, తిట్టకండి కూడా, తిడితే ఈసారి ఇంకా లోపల దాస్తుంది. ఎక్కువ రోజులు రాసుంటే ఎలా ఆపాలో డాక్టరు చెప్పాలి. శ్రీకాకుళం రిమ్స్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ట్యూబు పట్టుకుని వెళ్లండి, ఎన్నాళ్ల నుంచి రాస్తోందో పిల్ల నోటితోనే చెప్పించండి. మొటిమలకి డాక్టరు రాత్రిపూట పూసే మందు రాస్తే మొదట్లో కాస్త పొట్టు రేగుతుంది, మానేయొద్దు. బెంజాయిల్ పెరాక్సైడ్ రాస్తే పాత తువ్వాలు వాడమనండి, రంగు బట్టలకి తగిలితే తెల్లమచ్చలు పడతాయి. తలకి కొబ్బరినూనె దట్టంగా పెట్టి అది నుదుటి మీదకి కారే అలవాటుంటే తగ్గించండి.

పాలకొండ రోడ్డు:
మా చిన్నదాని బ్యాగు చూసి వస్తా.

గంటస్తంభం:
బ్యాగులు వెతకడం కన్నా అడిగితే నయమండీ. ఆ సెక్షన్ సంగతి హెడ్మాస్టరు చెవిన వేయండి అమ్మా, పిల్లల పేర్లు లేకుండా. కిశోర బాలల కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది, 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం, దాని కింద బడిలో ఒకరోజు మాట్లాడించమని అడగొచ్చు. అన్నం మానేయడం ఒకపూటతో ఆగకపోయినా, బడికి వెళ్లనని గదిలోనే కూర్చున్నా 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను అది, 2022 నుంచి నడుస్తోంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. దాన్ని పిచ్చి వాళ్ల నంబరని ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి.

టెక్కలి కుర్రోడు:
మరి ఫొటో?

సాయి డిజిటల్స్ కాదు వేరే:
నా లెక్క చెప్పనా. మొటిమలు తీసేయమనండి, రంగూ పుట్టుమచ్చా ముట్టుకోవద్దనండి. మొటిమలు రేపు ఎలాగూ పోతాయి, ఆ ఫొటోతో వచ్చే సర్టిఫికెట్ మాత్రం జన్మంతా ఉంటుంది.

బొబ్బిలి కోట:
అంటే సగం అబద్ధం ఫర్వాలేదన్నమాట. నేను ఒప్పుకోను. ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

గంటస్తంభం:
ఇంకో తిరకాసు ఉంది, మీరెవరూ గమనించలేదు. నామినల్ రోల్‌లో గుర్తుల కింద రెండు పుట్టుమచ్చలు రాయాలి. ముక్కు పక్కన మచ్చ అని మేం రాసి, ఫొటోలో మచ్చ లేకపోతే ఎలాగమ్మా?

నాగావళి గట్టు:
ఇప్పుడే దానితో మాట్లాడాను, వాళ్ల నాన్నని పక్క గదిలో కూర్చోబెట్టి. ట్యూబు గురించి అడిగితే ముందు అలిగింది, తర్వాత తనే చెప్పింది, ఎండలో మంటగా ఉంటోందట, చెబితే క్రీము లాగేసుకుంటామని చెప్పలేదట. సోమవారం రిమ్స్‌కి వస్తానంది. ఫొటోకి బేరం పెట్టింది. మొటిమలు తీసేసి, రంగు అసలు ఫైలులో ఉన్నట్టే ఉంచితే సరేనంది. పుట్టుమచ్చ మాత్రం తీయించేయాలట, ఆ ఫోను కవరులో ఫొటో కూడా తీయదట. వాళ్ల నాన్న పక్క గదిలోంచి మచ్చ ఉండాల్సిందే, మా అమ్మకీ అక్కడే ఉంది అంటున్నారు. మాస్టారూ, అది మిమ్మల్ని అడగమంది, నామినల్ రోల్‌లో ముక్కుది రాయకుండా మోచేతి మీదదీ మెడ వెనకదీ రాయించుకోవచ్చా?

గంటస్తంభం:
భేషుగ్గా రాయించుకోవచ్చు. కానీ ఫొటోలో ముక్కు పక్కన మచ్చ తీసేస్తే నేనైతే సంతకం పెట్టను, మీ హెడ్మాస్టరు సంగతి నాకు తెలియదు.