ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మణికట్టు నొప్పి మాత్రం తగ్గడం లేదు

నమస్కారం. గత వారం వానలో మెహదీపట్నం దగ్గర మా తమ్ముడు స్కూటీ జారి, అరచేయి నేలకు ఆనించి పడ్డాడు. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్లు లేదని క్రేప్ బ్యాండేజీ కట్టి పంపించారు. అయితే బొటనవేలిని చాపినప్పుడు దాని మొదట్లో, మణికట్టు పక్కన ఏర్పడే గుంటలో నొక్కితే విలవిల్లాడుతున్నాడు. అక్కడి డాక్టరు ఆ చోటు ముట్టుకోనే లేదు. వాపు కొద్దిగానే ఉంది, వేళ్లకు తిమ్మిరి లేదు. మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక, అంటే స్కాఫాయిడ్, చిట్లితే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చని, దానికి రక్తం ప్రధానంగా వేళ్ల వైపు కొస నుంచి వెనక్కి అందుతుంది కనుక ఆలస్యమైతే అతుక్కోకపోవచ్చని చదివాను. బొటనవేలితో సహా కట్టు వేయించి 10–14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయిస్తే సరిపోతుందా, లేక ఇప్పుడే ఎంఆర్‌ఐ అడగమంటారా? పంజాగుట్ట నిమ్స్‌లో గానీ ఉస్మానియాలో గానీ చేతి గాయాలను ఏ ఓపీలో చూపించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.