బిల్డర్ నుంచి అపార్ట్‌మెంట్ చేతికి వచ్చేటప్పుడు ఏమేమి చూసుకోవాలి?

నిజాంపేట నివాసి:
మాది హైదరాబాద్ నిజాంపేటలో అరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇన్నాళ్లూ బిల్డర్ మనుషులే నిర్వహణ చూశారు. ఇప్పుడు హఠాత్తుగా ‘సంఘం పెట్టుకోండి, తాళాలు తీసుకోండి’ అంటున్నారు. రిజిస్ట్రేషన్ నాడే మా అందరి దగ్గరా కట్టించుకున్న కార్పస్ ఫండ్ (పెద్ద మరమ్మతుల కోసం ఉంచే ఉమ్మడి నిధి) ఊసెత్తితే మాత్రం మాట మార్చేస్తున్నారు. ఈ గండం గట్టెక్కినవారు దారి చెప్పండి.

పాత కార్యదర్శి:
కాగితాలు చేతికి రానిదే తాళాలు ముట్టుకోకండి. మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివాసానికి అధికారులిచ్చే అనుమతి), అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లిఫ్టు, జనరేటర్ల వారంటీ పత్రాలు, నీటి పైపుల, కరెంటు తీగల నక్షాలు అన్నీ అడగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లో పత్రాలు, ఉమ్మడి స్థలాలు సంఘానికి అప్పగించాలని 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. పైపుల నక్షా లేకపోవడంతో ఒక్క లీకేజీ కోసం మేము రెండు స్నానాల గదుల టైల్స్ పగలగొట్టించాం. నీళ్లు కారుతున్నది మూడో గదిలోనట!

ఇంకొకటి, గోడల బీటలు, శ్లాబు చెమ్మ లాంటివి ఇప్పుడే ఫొటోలతో సహా రాతపూర్వకంగా బిల్డర్‌కు పంపండి. నిర్మాణ లోపాలకు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్ల దాకా పూచీ ఆయనదే. నోటిమాటగా చెప్పినవేవీ తరవాత నిలబడవు.

విశాఖ తీరం:
కార్పస్ మీద గట్టిగా కూర్చోండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సహా, వడ్డీతో సహా అడగండి. మా ఊళ్లో ఉప్పుగాలికి రెయిలింగులు, లిఫ్టు తలుపులు ఎంత తొందరగా తుప్పు పడతాయో చెప్పలేను. ఆ డబ్బే లేకపోతే రంగులు వేయించాల్సినప్పుడల్లా ఇంటింటికీ తిరిగి చేయి చాచాల్సిందే.

మూడో అంతస్తు:
చట్టాలు సరే, నెలనెలా డబ్బు కారిపోయేది ట్యాంకర్ల దగ్గర. మా సంపు పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు రెండున్నర. అయిదు వేల లీటర్లు పోస్తే మట్టం సరిగ్గా అర మీటరు పెరగాలి. సంపు గోడ మీద పెయింటుతో గీతలు గీయించి, ట్యాంకర్ వచ్చేముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి వాచ్‌మన్ చేత పుస్తకంలో రాయించడం మొదలుపెట్టాం. నలభై సెంటీమీటర్లు కూడా పెరగని రోజులు బోలెడు! పుస్తకం చూపించి ఆ మేరకు డబ్బు కోశాం. వారం తిరిగేసరికి ట్యాంకర్లు నిండుగా రావడం మొదలైంది. జనరేటర్‌కూ ఇదే మంత్రం: డీజిల్ బిల్లు పక్కన అవర్ మీటర్ (ఎన్ని గంటలు నడిచిందో చూపేది) రీడింగ్ లేకపోతే సంతకం పెట్టం.

నిజాంపేట నివాసి:
ఇది రేపే మొదలుపెడతాను. మెయింటెనెన్స్ కట్టనివారి సంగతి ఏమిటండీ? మావాళ్లు నీళ్లు ఆపేద్దామంటున్నారు.

పాత కార్యదర్శి:
ఆ పని వద్దు. నీళ్లు, కరెంటు ఆపితే బకాయిదారు బాధితుడైపోతాడు, పోలీస్ స్టేషన్‌కు మీరు తిరగాల్సి వస్తుంది. ముందు సంఘాన్ని రిజిస్టర్ చేయించండి. 2001 నాటి సొసైటీల చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందో చేయించుకోవచ్చు. ఆలస్యానికి వడ్డీ, బకాయి ఉన్నవారికి ఓటు లేకపోవడం లాంటివి బైలాలో (సంఘం నియమావళిలో) ముందే రాసుకుని సర్వసభ్య సమావేశంలో ఆమోదింపజేయండి. తరవాత లీగల్ నోటీసు. మా దగ్గర ఎప్పుడూ నోటీసు దాటి పోలేదు.

డల్లాస్ అత్తయ్య:
మా టెక్సస్‌లో ఇళ్ల యజమానుల సంఘం అంటే ఇంకో లోకం నాయనా. పచ్చిక పెరిగితే ఉత్తరం, చెత్తడబ్బా వీధిలోకి కనబడితే ఉత్తరం. బకాయి పేరుకుంటే ఇంటి మీద హక్కు నమోదు చేసి వేలానికి కూడా పోగలరు. అయితే ఒట్టి జరిమానాల కోసం ఇల్లు వేలం వేయకూడదని ఇక్కడి చట్టమే అడ్డుకట్ట వేసింది. మీ బకాయిదారులు అదృష్టవంతులు.

మూడో అంతస్తు:
మెయింటెనెన్స్ చదరపు అడుగు లెక్కా, ఫ్లాటుకు ఇంతనా అన్నది కూడా తేల్చుకోండి, ముందు ముందు అసలు పేచీ అదే. రెండు పడక గదులవారు అడుగు లెక్క అంటారు, మూడు గదులవారు ‘వాచ్‌మన్ మాకేమైనా ఎక్కువ కాపలా కాస్తున్నాడా’ అంటారు. మేము జీతాలు, లిఫ్టు సమానంగా, రంగులు, మరమ్మతులు అడుగుల ప్రకారం పంచుకున్నాం. గొడవ పూర్తిగా ఆగిందని అనను.

విశాఖ తీరం:
జీఎస్టీ అంటూ ఎవరైనా భయపెడితే బెదరకండి. ఒక్కో సభ్యుడు కట్టేది నెలకు 7,500 రూపాయలు దాటాలి, సంఘం ఏడాది రాబడి 20 లక్షలూ దాటాలి. ఈ రెండూ ఉంటేనే పన్ను పడుతుంది.

నిజాంపేట నివాసి:
అందరికీ ధన్యవాదాలు. స్టిల్టులో (భవనం కింద స్తంభాల మధ్య ఖాళీ స్థలంలో) మిగిలిన పార్కింగులు బిల్డర్ ఇప్పటికీ బేరం పెడుతున్నాడు. అది చెల్లుతుందా?

పాత కార్యదర్శి:
స్టిల్టు పార్కింగును ఫ్లాటు నుంచి విడదీసి అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదని, అది ఉమ్మడి స్థలమని 2010లో ముంబయికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ప్రతి జతచేసి ఇవాళే ఉత్తరం రాయండి. కొన్నవారి పేర్లు కూడా కనుక్కోండి, రేపు మీ సంఘంతో తగవు పడబోయేది వారే.