వాసన అదే, మెదడులో దాని గుర్తు మాత్రం మారిపోతుందా?

కొన్ని రోజులుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు, తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివాను. షూనోవర్, ఫింక్, ఆక్సెల్ బృందం (వాసన గ్రాహకాలపై 2004లో నోబెల్ అందుకున్న ఆక్సెల్ ఈయనే) చిట్టెలుకల మెదడులో వాసనలను గుర్తించే భాగమైన పిరిఫార్మ్ కార్టెక్స్‌లో అవే న్యూరాన్లను (నాడీకణాలను) వారాల తరబడి గమనించింది. ఒకే వాసనకు మొదటి రోజు స్పందించిన కణాలు వేరు, నెల తిరిగేసరికి స్పందించినవి చాలావరకు వేరు! భయంతో ముడిపెట్టిన వాసన గుర్తు కూడా నిలకడగా ఉండలేదు. రోజూ చూపించిన వాసన విషయంలో మాత్రం మార్పు నెమ్మదించింది.

మరి చిన్నప్పటి వాసనను ఏళ్ళ తర్వాత కూడా ఇట్టే ఎలా గుర్తుపడుతున్నాం? అసలు జ్ఞాపకం వేరే చోట భద్రంగా ఉంటుందా? లేక కణాలు మారినా వాసనల మధ్య పోలికలు అలాగే నిలుస్తాయా? నాకు రెండోదే సబబనిపిస్తోంది. కానీ ఇలా మారిపోయే కణాల సంకేతాన్ని అందుకుని చదివే తర్వాతి కణాలు ఎలా సర్దుకుంటాయో అంతుపట్టడం లేదు. న్యూరోసైన్స్ చదివినవాళ్ళు ఎవరైనా తేలిక మాటల్లో వివరించగలరా?