హోటల్ పనికి స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు: 12,000 పెట్టొచ్చా?

కదిరి కుర్రోడు
అందరికీ నమస్కారం. ఇంటర్ అయిపోయాక బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్‌లో చేరాను, రెండేళ్లుగా సర్వ్ చేస్తున్నా. ఇందిరానగర్‌లో ఒక పెద్ద రెస్టారెంట్‌లో స్టీవర్డ్ పని, అంటే గెస్టులకి సర్వ్ చేసేది, ఉంది, ఇంగ్లీష్ రావాలట. బీటీఎంలో ఒక ఇన్‌స్టిట్యూట్ మూడు నెలల కోర్సుకి 12,000 అడుగుతోంది. నా జీతం 16,000. చేరమంటారా?

కెప్టెన్ బాబాయ్
వద్దు తమ్ముడూ. 17 ఏళ్లుగా ఇదే లైన్‌లో ఉన్నా. అక్కడ టెన్సులు నేర్పుతారు. టేబుల్ దగ్గర ఎవడికి కావాలి టెన్సులు? నూటయాభై మాటలు చాలు. 'వాట్ యూ వాంట్' అనకు, 'వుడ్ యూ లైక్' అను. ఆర్డర్ రాసుకున్నాక 'మే ఐ రిపీట్ యువర్ ఆర్డర్' అని చదివి వినిపించు, సగం గొడవలు అక్కడే పోతాయి. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా చెవికి తెలియాలి. సన్నీ సైడ్ అప్ అంటే గుడ్డు తిప్పకుండా, ఓవర్ ఈజీ అంటే తిప్పి సొన గట్టిపడకుండా. ఒకాయన విస్కీ 'నీట్' అంటే, అంటే నీళ్లూ ఐసూ కలపకుండా అని, మావాడు గ్లాసు ఇంకోసారి కడిగి తెచ్చాడు. ఇవన్నీ పనిలో పడితే వస్తాయి, బెంచీ మీద కూర్చుంటే రావు.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్
ముందు కన్నడ నేర్చుకో. 'ఊట ఆయ్తా సార్' (భోజనం అయిందా సార్) అని అడిగితే టిప్పు అదే వస్తుంది.

హిందూపురం అక్క
బాబాయ్ గారూ, మా తమ్ముడూ మీరన్నట్టే పనిలో పడి నేర్చుకున్నాడు. ఒకావిడ 'ఎనీ పీనట్స్ ఇన్ దిస్?' అని అడిగింది. వాడికి గ్రౌండ్‌నట్ తెలుసు, పీనట్ తెలీదు. 'నో మేడమ్' అన్నాడు. చట్నీ నిండా పల్లీలే. ఆవిడకి పెదాలు వాచి, ఊపిరాడక ఆసుపత్రికి పరుగెత్తారు. దేవుడి దయ, బతికింది. మావాడి ఉద్యోగం మాత్రం ఆ రాత్రే పోయింది. మంచి కోర్సు చేసుంటే ఇలా అయ్యేదా?

వేరుశనగ
గ్రౌండ్‌నటే అసలు ఇంగ్లీష్. మా స్కూల్ పుస్తకంలో అదే ఉండేది.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్
రెండూ ఒకటే. అమెరికా వాళ్లు పీనట్ అంటారు.

వేరుశనగ
అనంతపురం వాళ్లకి పల్లీ పేరు అమెరికా వాళ్లు చెప్పాలా?

హిందూపురం అక్క
ఇక్కడ సమస్య పల్లీ పేరు కాదండీ!

కెప్టెన్ బాబాయ్
కోర్సులో పీనట్ నేర్పుతారని మీకెవరు చెప్పారమ్మా? తెలియనప్పుడు 'ఐ విల్ చెక్ విత్ ద షెఫ్' అనాలి. మీవాడు తెలియనిదానికి నో అన్నాడు. అది ఇంగ్లీష్ తప్పు కాదు.

హిందూపురం అక్క
అడిగాడండీ! చేరిన వారంలో రెండుసార్లు కిచెన్‌లోకి వెళ్లి అడిగాడు. గెస్టుల ముందే కెప్టెన్, అంటే స్టీవర్డ్‌ల పైవాడు, 'ఊరికెళ్లి మేకలు కాసుకో' అన్నాడు. ఆ తర్వాత ఇక అడగలేదు. ఆయనా మీలాంటి సీనియరే. ఏ వంటలో ఏముందో రాసి ఇవ్వాల్సింది ఎవరు? పది, అంతకంటే ఎక్కువ చోట్ల ఉన్న హోటళ్లు అలర్జీ వివరాలు చెప్పాలని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. మావాడిది ఒక్క బ్రాంచి. 'మాకు వర్తించదు' అన్నారు. నష్టం మాత్రం వాడికే వర్తించింది.

కదిరి కుర్రోడు
అక్కా, బాబాయ్, నా 12,000 సంగతి...

మడివాళ మామ
శేషాద్రి రోడ్డులో కేంద్రం వాళ్ల హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 'హునర్ సే రోజ్‌గార్ తక్' అనే కేంద్ర పథకం కింద ఫీజు లేకుండా సర్వీస్ నేర్పే బ్యాచ్ ఏదైనా ఉందేమో వెళ్లి అడుగు. డబ్బు కట్టే ముందు ఒక బస్ టికెట్ ఖర్చే కదా.

కెప్టెన్ బాబాయ్
అక్కా, ఆ మేకల మాట నేనూ అన్నాను, మీవాణ్ణి కాదు, వేరే కుర్రాళ్లని. నన్నూ అన్నారు. తొమ్మిదేళ్లు స్టీవర్డ్‌గానే ఉంచారు నన్ను. ఒక రోజు సర్టిఫికెట్ పట్టుకొని 22 ఏళ్ల పిల్లోడు వచ్చాడు. కేఓటీ, అంటే కిచెన్‌కిచ్చే ఆర్డర్ చీటీ, రాయడం దగ్గర్నుంచి ట్రే పట్టడం దాకా నేనే నేర్పాను. ఆర్నెల్లకి వాడు కెప్టెన్, నేను వాడి కింద. కోర్సు అంటే నాకు ఒళ్లు మండేది అందుకే.

హిందూపురం అక్క
అంటే సర్టిఫికెట్ ఉన్నోడే పైకెళ్తాడని మీరే ఒప్పుకుంటున్నారు. మరి ఈ కుర్రాణ్ణి వద్దనడం ఏం న్యాయం?

కెప్టెన్ బాబాయ్
వాడికి అప్పు చెయ్యమని చెప్పే న్యాయం మీ దగ్గరుందా? ఇంగ్లీష్ కావాల్సింది హోటల్‌కి. నేర్పించే ఖర్చు ఓనర్ పెట్టుకోవాలి.

హిందూపురం అక్క
ఓనర్ పెట్టడు. అది మీకూ తెలుసు.

కదిరి కుర్రోడు
ఇందిరానగర్‌కి ఫోన్ చేసి అడిగాను, చేరాక మీరే నేర్పుతారా అని. నవ్వి పెట్టేశారు. అయినా మంగళవారం ట్రయల్‌కి రమ్మన్నారు. బాబాయ్, ఆ నూటయాభై మాటలు కాగితం మీద రాసి ఫొటో పెడతారా?

కెప్టెన్ బాబాయ్
డిన్నర్ షిఫ్ట్ అయ్యాక పెడతా. ఒంటి గంట అవుతుంది.

హిందూపురం అక్క
పీనట్ మొదట రాయండి.

వేరుశనగ
పక్కన గ్రౌండ్‌నట్ అని కూడా.