‘మఅ సులైమాన్’లో ఉన్న ‘తో’

ప్రశ్న: “సబా రాణి చివరికి సులైమానుకు లొంగిపోయి ఇస్లాం స్వీకరించింది” అని ఒక వ్యాసంలో చదివాను. ఖురాన్‌లో ఉన్న మాటకు కూడా లొంగిపోవడమనే అర్థమా? అరబీ తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఆ వాక్యంలో విభక్తి మారిపోయిందండీ. మూలంలో సులైమాను (బైబిల్‌లోని సొలొమోను రాజు) పక్కన ‘కు’ లేదు, ‘తో’ ఉంది. ఈ ఆయతు, అంటే ఖురాన్ వాక్యం, నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఖురాన్‌లో 27వ సూరా (అధ్యాయం) పేరు అన్-నమ్ల్, అంటే చీమలు. అందులో 44వ ఆయతు చివర రాణి అన్న మాట ఇది: “రబ్బి ఇన్నీ జలమ్‌తు నఫ్‌సీ వ అస్లమ్‌తు మఅ సులైమాన లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.” నా తెలుగులో: “నా ప్రభూ, నాకు నేనే అన్యాయం చేసుకున్నాను. సులైమానుతో కలిసి, సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కు నన్ను నేను అప్పగించుకున్నాను.” మన ‘కు’ చేసే పనిని అరబీలో ‘లి’ చేస్తుంది. అది అల్లాహ్ పేరుకే అంటుకుని ఉంది. సులైమాను ముందున్న ‘మఅ’కు ‘తో’, ‘వెంట’, ‘సరసన’ అని అర్థం.

ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే కథ కొంచెం వెనక్కి వెళ్లాలి. యెమెన్ ప్రాంతపు సబా రాజ్యాన్ని ఒక స్త్రీ ఏలుతోందని, ఆమె ప్రజలు సూర్యుడికి మొక్కుతున్నారని హుద్‌హుద్ పిట్ట సులైమానుకు కబురు తెస్తుంది. ఆయన ఉత్తరం పంపుతాడు: నా మీద ఆధిక్యం చూపకండి, ‘ముస్లిమీన్’గా నా దగ్గరికి రండి (31వ ఆయతు). ఇక్కడ ఆ మాటకు విధేయులై రమ్మని రాజనీతి అర్థం చెప్పినవారూ ఉన్నారు, విశ్వాసులై రమ్మని చెప్పినవారూ ఉన్నారు. అదే మాట 38లో, 42లో మళ్లీ వస్తుంది. మూడుసార్లూ బహువచనం, మూడుసార్లూ గుంపును గురించే. నాలుగోసారి, 44లో, అదే ధాతువు ఏకవచనమై, ఉత్తమ పురుష క్రియగా ఆమె నోటి నుంచి వస్తుంది: అస్లమ్‌తు. “నా దగ్గరికి రండి” అని పిలిచిన రాజుతో ఆమె “నీకు లొంగాను” అనలేదు. నిజానికి ఆ వాక్యంలో ఆయన్ను పలకరించనే లేదు. మొదటి పిలుపే ‘రబ్బి’, నా ప్రభూ.

ఈ మాట ఆమె ఎక్కడ అన్నదో కూడా గమనించండి. సులైమాను దగ్గరికి వచ్చిన ఆమెను భవనంలోకి రమ్మంటారు. నేలను చూసి లోతైన నీళ్లనుకుని, కాళ్లు కనబడేలా బట్టలు పైకి ఎత్తి పట్టుకుంటుంది. “ఇది గాజుతో నునుపు చేసిన భవనం” అంటాడు సులైమాను. మయసభ గుర్తుకు రాలేదూ? సభాపర్వంలో దుర్యోధనుడు కూడా స్ఫటికపు నేలను నీరనుకుని అచ్చం ఇలాగే బట్టలు ఎత్తి పట్టుకుంటాడు, ఆ తర్వాత నిజమైన నీళ్లను నేలనుకుని పడతాడు. భ్రమ ఒకటే, ఆ చేయీ ఒకటే. ఆయన ఆ అవమానాన్ని గుండెలో పెట్టుకుని హస్తినకు తిరిగి వెళ్లాడు. ఈమె ఆ క్షణంలోనే తన కన్ను పొరబడిందని ఒప్పుకుంది, ఆ ఒప్పుకోలు నేల దగ్గర ఆగకుండా సూర్యుడి దాకా వెళ్లింది. మెరిసేదాన్ని చూసి మరొకటనుకోవడం ఆమెకు అదే మొదటిసారి కాదు కదా.

‘జలమ్‌తు’ కూడా మనకు పరాయి మాట కాదు. ఉర్దూ మీదుగా వచ్చిన మన ‘జులుం’ దాని చుట్టమే. అరబీ నిఘంటుకారులు దానికి చెప్పిన నిర్వచనం: ఒక వస్తువును దాని చోట కాక మరో చోట పెట్టడం. సృష్టికర్తకు చెందాల్సిన మొక్కును సూర్యుడి దగ్గర పెట్టాను, నా మీద నేనే జులుం చేసుకున్నాను అంటోంది ఆమె.

ఇక ‘అస్లమ్‌తు’. స-ల-మ ధాతువు: సలామ్, ఇస్లాం, ముస్లిం అన్నీ దాని పిల్లలే. సులైమాన్ పేరులోనూ ఆ మూడు హల్లులే వినిపిస్తాయి. దేన్నైనా చెక్కుచెదరకుండా పూర్తిగా మరొకరి చేతికివ్వడం ‘అస్లమ’. 3వ సూరా 20లో “నా ముఖాన్ని అల్లాహ్‌కు అప్పగించాను” అని కర్మ పైకే ఉంది. ఇక్కడ కర్మ లేదు, తనను తానే అని మనం గ్రహించాలి. ఆ పనికి ‘అప్పగించుకొను’లో చివర చేరే మన ‘కొను’ చక్కగా సరిపోతుంది. లొంగిపోవడంలో ఓటమి ఉంది, తలొగ్గడంలో భయం ఉంది. రెండూ ఈ సందర్భానికి నప్పవు.

మరో సభ్యురాలు: శరణు అనవచ్చు కదండీ? మన భక్తి సాహిత్యంలో శరణాగతి కంటే పెద్ద మాట లేదు.

జవాబు: చాలా దగ్గరి మాటే. కానీ శరణు కోరడానికి ఖురాన్‌లో వేరే క్రియ ఉందమ్మా, ‘అఊజు’. పారాయణం మొదలుపెట్టేటప్పుడు “అఊజు బిల్లాహి” అంటాం. శరణును దానికి ఉంచి, దీనికి అప్పగించుకోవడం వాడితే రెండూ కలగాపులగం కావు.

ఇంకొకరు: అప్పగించడం అంటే పెళ్లి అప్పగింతలే గుర్తొస్తాయి. పైగా సులైమాను ఆమెను పెళ్లాడాడని కూడా విన్నాను.

జవాబు: పెళ్లి కథ ఖురాన్‌లో లేదు. బిల్కీస్ అనే పేరు కూడా అందులో లేదు, రెండూ తర్వాతి కథనాల్లోవి. తెలుగు బైబిల్‌లోని షేబదేశపు రాణి కూడా సొలొమోనును ప్రశ్నలతో పరీక్షించి, కానుకలు ఇచ్చిపుచ్చుకుని తన దేశానికి తిరిగి వెళ్లిపోతుంది. ఒక స్త్రీ మతం మారిందనగానే ఎవరి కోసమని అడగడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటే ఈ ‘తో’ను ‘కు’గా మారుస్తోందని నా బాధ. అప్పగింతల పోలిక రావడం నాకు సంతోషమే. పెళ్లిలో కూతురి చేయిని తండ్రి మరొకరి చేతిలో పెడతాడు. ఇక్కడ పెట్టేదీ ఆమే, పెట్టేది తననే.

మాకు ఖురాన్ చదవడం నేర్పిన పెద్దమ్మ ఈ ఆయతు దగ్గర మమ్మల్ని ఎప్పుడూ ఆపేవారు. పిల్లలం తొందరలో “మా సులైమాన” అని సాగదీసేవాళ్లం. ‘మఅ’ చివర ఐన్ అనే అక్షరం ఉంది, దాన్ని గొంతు లోపలి నుంచి పలకాలి. తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు కనుకే నేను ‘అ’తో సరిపెట్టాను. అది జారిపోతే మిగిలే ‘మా’ వేరే మాట, అరబీలో దానికి ‘ఏమిటి’ అనీ ‘కాదు’ అనీ అర్థాలు. ఆమె పుల్లను ఆ అక్షరం కింద పెట్టి, మా అందరి గొంతుల్లోనూ అది సరిగ్గా పలికేదాకా తరువాతి మాటకు జరిపేవారు కాదు.