అప్‌డేట్: ఫ్రెంచ్‌లో మాట్లాడటానికి మార్కులు

రాతపరీక్షలో దూసుకుపోయే తొమ్మిదో తరగతి పిల్లలు ఫ్రెంచ్‌లో నోరు విప్పడం లేదు, మాట్లాడటానికి మార్కులెలా వేయాలని అడిగింది నేనే. మీరన్నట్టే బట్టీ డైలాగులు పక్కనపెట్టి, ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరికి రైళ్ల టైమ్‌టేబుల్, ఇంకొకరికి అదే టేబుల్ ఖాళీ గడులతో ఇచ్చాను. అడిగితే తప్ప గడి నిండదు కదా, ఎప్పుడూ నోరెత్తని పిల్ల కూడా "ఆ కెల్ ఎర్?" (ఎన్నింటికి?) అని రెట్టించి మరీ అడిగింది!

మార్కులకి 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ప్రచురించిన సీఈఎఫ్‌ఆర్ (భాష ఎంతవరకు వచ్చో స్థాయిలుగా చెప్పే ప్రమాణం) చూశాను. అందులో ఏ1 అనే ప్రారంభ స్థాయిలో అవతలివాళ్లు నెమ్మదిగా మాట్లాడి సాయపడితే సంభాషణ నడిపించగలిగితే చాలట, అందుకే మళ్లీ చెప్పమన్నా మార్కులు కోయడం లేదు. లింగం తప్పులూ అంతే, అర్థమైతే వదిలేస్తున్నా (వ్యాకరణానికి రాతపరీక్ష ఉండనే ఉంది). ఒక్కటే టెన్షన్, వింటూ మార్కులు వేయడం నావల్ల కావట్లేదు, రికార్డు చేసి తర్వాత వేస్తే నయమేమో.